ఇంజన్ చప్పుడు లేని దీవి

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది అక్కయ్య వాళ్ళమ్మాయి. అక్కయ్య అంటే నా తోబుట్టువు కాదు. అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఆవిడ. మేము ఈ దేశానికి వచ్చిన కొత్తలో, మంచు మీద జారిపడకుండా ఎలా నడవాలో నాకు నేర్పింది ఆవిడే. పాదం మొత్తం ఒకేసారి ఆనించి పెంగ్విన్‌లాగా నడవమనేది. ఆ ఒక్క మాటకే నేను ఆవిడకి రుణపడి ఉన్నాను. మిగతావి చెప్పడం మొదలుపెడితే అసలు సంగతి చెప్పలేను.

జూలైలో ఒక ఆదివారం ఆ అమ్మాయి మా గరాజ్ తలుపులోంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నిలబడింది.

“ఆంటీ, అమ్మ ఆ ఆఫ్రికా ట్రిప్ క్యాన్సిల్ చెయ్యదు అంట. షీ ఈజ్ గోయింగ్. ఒక్కతే.”

“అన్నం తింటోందా?”

“నో ఆంటీ. స్టిల్ నో.”

అప్పటికి బావగారు, అంటే ఆ అమ్మాయి నాన్నగారు, పోయి ఆరు నెలలు దాటింది.

బావగారు కార్ల కంపెనీలో ఇంజన్లు పరీక్షించే విభాగంలో పనిచేశారు. ఇంజన్‌ని ఆగకుండా నడిపి, ఎక్కడ విరుగుతుందో చూడటం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ హోరు చెవుల్లో ఉండేదట. రిటైరయ్యాక ఆయనకి ఒకటే కోరిక: ఇంజన్ చప్పుడు వినపడని చోట నాలుగు రోజులు పడుకోవాలి. మిషిగన్‌లో సరస్సులకేం తక్కువ లేదు కానీ, ఏ సరస్సు దగ్గరకి వెళ్ళినా మోటారు బోట్లే. చివరికి ఎలా పట్టుకున్నారో, ఆఫ్రికాలో మలావీ సరస్సు మధ్య ఒక చిన్న దీవిని, దాని మీద ఉన్న లాడ్జినీ పట్టుకున్నారు. గడ్డి కప్పుల గుడిసెలు, సోలార్ దీపాలు, జెనరేటర్ అన్నదే లేదు. సెప్టెంబరుకి ఇద్దరికీ బుక్ చేశారు. మా ఇంటికొచ్చి ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ, “చూడమ్మా, ఇక్కడ ఫ్రిజ్ చప్పుడు కూడా ఉండదు” అన్నారు. కొత్తగా చేయించిన నగ చూపించినట్టు చూపించారు.

జనవరిలో ఒక పొద్దున ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచు తీస్తూ పడిపోయారు. అక్కయ్య బయటికి పరిగెత్తేసరికి మంచు తీసే మెషీన్ ఇంజన్ ఆడుతూనే ఉందట. ఆయన్ని పట్టుకోవాలో, దాన్ని ఆపాలో ఆవిడకి తెలియలేదు. ఎలా ఆపాలో కూడా తెలియదు. అంబులెన్స్ వచ్చేదాకా అది అలాగే మోగింది.

“ఆ చప్పుడులోనే పోయారు చెల్లీ” అని నాతో ఎన్నిసార్లు అందో.

అక్కయ్య గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆవిడ ఆయన పేరు ఎప్పుడూ పలకలేదు. వాళ్ళమ్మ తన భర్త పేరు పలకలేదు, ఈవిడా పలకలేదు, అంతే. మందుల షాపులో ఆయన మందులు తీసుకోవాలంటే ఇంటిపేరూ పుట్టినరోజూ చెప్పేది. అసలు పేరు అడిగితే కార్డు తీసి కౌంటర్ మీద ముందుకు జరిపేది. ఇంట్లో ‘ఏమండీ’ తప్ప మరో పిలుపు లేదు. పక్కింటి తెల్లావిడ అదే ఆయన పేరనుకుని చాలాకాలం ‘మిస్టర్ ఎమండీ’ అని పలకరించింది. బావగారు సరిదిద్దలేదు. “పిలిచినప్పుడు పలకడం అలవాటైన పేరు, మార్చడం ఎందుకు?” అనేవారు.

పదో రోజు కర్మ వాళ్ళింటి వెనకే జరిగింది. మోకాలి లోతు మంచు. ఇండియన్ స్టోర్‌లో కొన్న గడ్డకట్టిన అరటాకు కరిగించి, చెక్క డెక్ రెయిలింగ్ మీద పరిచి, ముద్ద పెట్టారు. కాకి వచ్చి ముడితే పోయినవారు తృప్తిగా వెళ్ళినట్టని మన నమ్మకం. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని. దూరంగా మేపుల్ చెట్టు మీద ఒక కాకి ఉంది. అది కదల్లేదు. పేరు పెట్టి పిలిచి, ఎవరికి తోచిన మాట వాళ్ళు ఇవ్వండి, అప్పుడు వస్తుంది అన్నారు గుళ్ళోంచి వచ్చిన పురోహితుడు. “నాన్నా, అమ్మని నేను చూసుకుంటా” అన్నాడు వాళ్ళబ్బాయి. “డాడీ, రోజూ కాల్ చేస్తా” అంది అమ్మాయి. మావారు కూడా “అన్నగారూ, మీ కారు ఆయిల్ సంగతి నేను చూస్తాను” అన్నారు. అక్కయ్య మాత్రం కోటు అంచులు రెండు చేతులా పట్టుకుని, పెదాలు బిగించి నిలబడింది.

ఇంతలో ఉడత వచ్చి ముద్దలో సగం ఎత్తుకుపోయింది.

“ఉడత తిన్నది కదా. సేమ్ థింగ్ కాదా?” అన్నాడు అబ్బాయి. పురోహితుడు చలికి చేతులు రుద్దుకుంటూ, సరిపోతుంది బాబూ అన్నారు. అక్కయ్యకి సరిపోలేదు.

అప్పుడు అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. పెద్ద స్టోర్ పార్కింగ్‌లో కాకులు చాలా ఉంటాయి, అక్కడికి వెళ్దామంది. మిగిలిన ముద్దని ఆకుతో సహా ఒళ్ళో పెట్టుకుని అక్కయ్య కారులో ముందు కూర్చుంది. నేను వెనక. ఆ పార్కింగ్‌లో చెత్త డబ్బాల దగ్గర నిజంగానే కాకులున్నాయి. ఎవరో పారేసిన ఆలూ చిప్స్ తింటున్నాయి. మేము పెట్టిన ముద్దని ఒకటి తల వంచి చూసి, మళ్ళీ చిప్స్ దగ్గరికే పోయింది. చివరికి నీటి పక్షులు కొన్ని అరుచుకుంటూ వచ్చి ముద్ద తిని, ఆకు చింపి పోయాయి.

ఆ సాయంత్రమే అక్కయ్య అంది: “కాకి ముట్టేదాకా నేను అన్నం ముట్టను.”

కోపంలో అన్న మాట కాదు. సగం చపాతీ, కాసిని ఓట్స్, మజ్జిగ. అలాగే వసంతం వచ్చింది, ఎండాకాలం వచ్చింది. రవికలు వదులై పిన్నులు పెట్టుకునేది. గుడి మెట్ల మీద ఒకసారి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పిల్లలు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, టెస్టుల్లో తేడా ఏమీ లేదు, తినమనండి అన్నారట. ఏం చెప్పినా, “ఆయన ఆకలితో తిరుగుతుంటే నేనెలా తినను?” అనేది.

చిన్నప్పుడు ఉబ్బసంతో నేను బడికి వెళ్ళలేకపోయాను. పలక మీద అక్షరాల దగ్గరనుంచీ దేవుడి శ్లోకాల దాకా నాకు మా అమ్మే నేర్పింది. అందుకని నాకు శాస్త్రాలన్నీ తెలుసని అక్కయ్య అనుకునేది. నాకు తెలిసింది మా అమ్మకి తెలిసినంతే. కాకి సంగతి నిజమో కాదో నాకు తెలియదు. తెలియనిదాన్ని కొట్టిపారేయడం మా అమ్మ నేర్పలేదు.

అమ్మాయి వచ్చి చెప్పిన ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళాను. ప్రయాణానికి ఇంకా రెండు నెలలున్నా అక్కయ్య సూట్‌కేసు తెరిచి కూర్చుంది. అందులో కందిపప్పు పొట్లం కనిపించింది.

“ఆయన కోరిక ఏది మిగిలిందో నాకు తెలుసు చెల్లీ. ఆయన అక్కడికే వెళ్ళుంటారు. నెలనెలా వచ్చే ఆయన తిథి ఈసారి అక్కడుండగానే వస్తోంది. అక్కడ ముద్ద పెడతాను, కాకి అక్కడ వస్తుంది.”

“రాకపోతే?”

“రాకపోతే నన్ను అడగొద్దు.”

ఆ మాట నన్ను భయపెట్టింది. ఇంటికొచ్చి దీపం పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. మావారు వంటింట్లోంచి, “ఎంతసేపు ఆలోచిస్తావు, తోడు వెళ్ళు. నేను చారు పెట్టుకోగలను” అన్నారు. ఆయనకి చారు పెట్టడం రాదు. అయినా అన్నారు, అందుకు ఈ రోజుకీ కృతజ్ఞురాలిని. లాడ్జివాళ్ళు బావగారి బదులు నన్ను తీసుకురావచ్చని ఒప్పుకున్నారు. గుళ్ళో ఒకావిడ, “ఏడాది తిరగలేదు, అప్పుడే విహారయాత్రా?” అంది, ప్రసాదం చేతిలో ఉండగానే. “విహారం కాదమ్మా, మావారి పని మీద వెళ్తున్నాను” అంది అక్కయ్య.

విమానాలు మారి మారి, ఎర్రమట్టి దారిలో ఊగి ఊగి, సరస్సు చేరాం. సరస్సంటే అవతలి ఒడ్డు కనపడనంత. మోటారు బోటు మమ్మల్ని దీవి దగ్గరదాకా తెచ్చి, అక్కడ ఇంజన్ ఆపేసింది. అక్కడినుంచి తెడ్లే. దీవి చుట్టూ ఇంజన్ నడపకూడదట. ఇంజన్ ఆగిన ఆ క్షణం నాకు గుర్తుంది. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు, చుక్కలు రాలే చప్పుడు, అంతే. అక్కయ్య కళ్ళు మూసుకుంది.

ఒడ్డున లాడ్జి చూసుకునే ఆవిడ నిలబడి ఉంది. మా వయసే ఉంటుంది. తలకి రంగుల గుడ్డ, మెడలో చిన్న సిలువ. ఇంగ్లీషులోనే మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను. మా గుడిసె తలుపుకి ఒక పలక వేలాడుతోంది. దాని మీద సుద్దతో వచ్చినవారి పేర్లు రాయడం అక్కడి మర్యాద. మా పలక మీద అక్కయ్య పేరూ, పక్కన బావగారి పేరూ ఉన్నాయి. బుకింగ్ మారిన సంగతి పలకదాకా రాలేదు.

విషయం తెలిసి ఆవిడ చాలా నొచ్చుకుంది. పైట కొంగులా భుజం మీద వేసుకున్న గుడ్డతో చెరపబోయింది.

“తుడవొద్దు, ఉండనీ” అంది అక్కయ్య.

అలా ఆ నాలుగు రోజులూ నేను బావగారి పేరు మీద బతికాను.

లాడ్జి అంటే నేననుకున్నట్టు లేదు. నీళ్ళు పోసే టాయిలెట్ లేదు. బూడిదా ఎండుటాకులూ కలిపి చిప్పతో వెయ్యాలి. పక్క గుడిసెలోని అమెరికన్ జంటకి ఇదంతా పెద్ద సాహసం. “దీనికోసం ఇంతదూరం వచ్చారా, మా అమ్మమ్మగారిల్లు చూపించేదాన్ని” అంది అక్కయ్య నా చెవిలో. స్నానానికి బకెట్‌ని తాడుతో పైకి లాగితే కింద జల్లు పడుతుంది. మేమిద్దరం బకెట్‌ని కిందే ఉంచి చెంబు అడిగాం. సరస్సులో సబ్బు వాడకూడదు, ఏ వస్తువూ వదలకూడదు. నాకు నచ్చింది. మొక్కజొన్న పిండితో మన సంకటిలాంటిది చేస్తారు. గుమ్మడాకులు వేరుశనగ పొడితో వండితే మా అమ్మ గుర్తొచ్చింది. అక్కయ్య ఆ కూర రెండు చెంచాలు తిని, పళ్ళెం పక్కకి జరిపింది. నేను చూడనట్టు ఉండటం నేర్చుకున్నాను.

కాకులున్నాయి. మన కాకుల్లా మొత్తం నలుపు కాదు. మెడ కింద, రొమ్ము మీద తెలుపు. నల్ల కోటు లోపల తెల్ల చొక్కా వేసుకున్నట్టు.

“ఆఫీసుకెళ్తున్నట్టున్నాయి” అంది అక్కయ్య. చాలా నెలల తరవాత ఆవిడ నోట జోకులు విన్నది ఆ దీవి మీదే.

మేము దిగిన సాయంత్రమే లాడ్జావిడ అతిథులందరికీ నియమాలు చెప్పింది. నీళ్ళ గురించి, దీపాల గురించి చెప్పి, చివర్లో, “పక్షులకి ఏమీ పెట్టకండి. ముఖ్యంగా కాకులకి. తిండి దొరికితే ఇక్కడే మకాం వేసి, చిన్న పక్షుల గూళ్ళలో గుడ్లు తినేస్తాయి” అంది.

అక్కయ్య మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడే తిథి. పొద్దున్నే స్నానం చేసి సరస్సు ఒడ్డున బండ మీద కూర్చున్నాం. పైన చెట్టుకొమ్మ మీద ఒక తెల్ల చొక్కా కాకి.

“ఆ బండ వెనక పెట్టేస్తే ఎవరు చూస్తారు చెల్లీ?”

“ఎవరూ చూడరు అక్కయ్యా.”

“మరి?”

“మన ఇంటికొచ్చినవాళ్ళు బూట్లతో దేవుడి గదిలోకి వస్తే ఏమంటాం?”

“ఏమీ అనం. వాళ్ళు వెళ్ళాక తుడుచుకుంటాం.”

“గుడ్లు తినేశాక తుడుచుకోడానికి ఏముంటుంది?”

“పెద్ద చెప్పొచ్చావు. నీ మొగుడు ఇంట్లో చారు పెట్టుకుంటున్నాడు కాబట్టి చెప్తున్నావు” అంది.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజమే కదా. ఆవిడ నాకు వీపు పెట్టి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. మనసులో దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియక, వచ్చినంతదూరం క్షేమంగా తెచ్చినందుకు దణ్ణం పెట్టుకున్నాను. చాలాసేపటికి అక్కయ్యే లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, వంటపాక వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

లాడ్జావిడ ఆకుకూర ఏరుతోంది.

“మావారు కాకిగా వస్తారు” అంది అక్కయ్య, తనకి వచ్చిన ఇంగ్లీషులో, ఉపోద్ఘాతం లేకుండా.

ఆవిడ నవ్వలేదు. “ఇక్కడికి వచ్చారా?” అని అడిగింది.

“అదే తెలియాలి.”

ముక్కాలిపీట జరిపి కూర్చోమంది. అక్కయ్య చెప్పింది. మంచు, మెషీన్ చప్పుడు, ఉడత, పార్కింగ్ లాట్, తాను అన్నం మానేసిన సంగతి. అన్నీ. ఆవిడ ఆకులు ఏరుతూనే వింది. మధ్యలో నేను కల్పించుకోబోతే అక్కయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

“కాకికి పెట్టనివ్వలేను. మీకొకలా, మిగతావాళ్ళకి ఒకలా చెప్పలేను” అంది ఆవిడ చివరికి. “వంటిల్లు ఇస్తాను. ఆయన ఇష్టంగా తినేది వండండి. ఆయన బదులు మేమందరం తింటాం.”

అక్కయ్య గుడిసెకి వెళ్ళి కందిపప్పు తెచ్చింది. బొగ్గుల పొయ్యి మీద టమాటా పప్పు చేసింది. బావగారికి అది పుల్లగా ఉండాలి. చింతపండు లేక నిమ్మకాయ పిండింది. ఆ ఊరి బియ్యం వండుతుంటే మంచి వాసన వచ్చింది. మూత తీసి ఆ ఆవిరి మొహానికి తగలగానే అక్కయ్య ఒక అడుగు వెనక్కి వేసింది.

నీళ్ళ ఒడ్డున పొడుగాటి బల్ల. అతిథులు, పనివాళ్ళు అందరూ కూర్చున్నారు. భోజనానికి ముందు లాడ్జావిడ చిన్న ప్రార్థన చేస్తుంది; అది రోజూ ఉండేదే. ఆ రోజు చేతులు జోడించి అక్కయ్య వైపు తిరిగి, “ఆయన పేరు చెప్పండి. ప్రార్థనలో కలుపుతాను” అంది.

నాకు తెలుసు అక్కయ్య పలకదని. పేరు నేను చెబుదామని నోరు తెరిచాను. అక్కయ్య నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

తరవాత ఆవిడే చెప్పింది. మొదటి అక్షరం దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, ఇంటిపేరుతో సహా మొత్తం చెప్పి, చివర ‘గారు’ కూడా చేర్చింది. లాడ్జావిడ ‘గారు’తో సహా ఆ పేరుని తిరిగి పలికింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ, వాళ్ళకి వచ్చినట్టు, పలికారు.

అక్కయ్య సరస్సు వైపు తిరిగింది. ఈసారి తెలుగులో అంది.

“ఏమండీ, ఇక్కడ చప్పుడు లేదు. మీరు చెప్పినట్టే ఉంది. పడుకోండి. నేను అన్నం తింటాను.”

పదో రోజు అందరం ఏవేవో మాటలిచ్చాం. ఆయనకి కావలసిన మాట ఇదేనేమో. పొద్దుపోయి వచ్చినా, ఆవిడ పళ్ళెం పెట్టుకుంటే తప్ప ఆయన ముద్ద కలిపేవారు కాదు.

కొమ్మ మీద కాకి ఇంకా అక్కడే ఉంది. అక్కయ్య తలెత్తి చూసి, “నీకు పెట్టకూడదట. రూల్ ఉంది. ఏమీ అనుకోకు” అంది. తరవాత పప్పూ అన్నం కలిపి, చేత్తో ముద్ద చేసుకుని తిన్నది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్దకి అంత పట్టలేదు. లాడ్జావిడ మారు వడ్డించింది. నేను నా పళ్ళెంలోకే చూస్తూ ఉండిపోయాను. కళ్ళు తుడుచుకుంటే ఆవిడ చూస్తుందని.

సాయంత్రం అడిగాను, ఉండబట్టలేక: “కాకి ముట్టలేదు కదా అక్కయ్యా?”

“ముట్టలేదు. దాని డ్యూటీ అది చెయ్యలేదు, ఏం చేస్తాం. నా డ్యూటీ నేను చేశాను” అని, “పప్పులో ఉప్పు తక్కువైంది, చెప్పలేదేం నువ్వు?” అంది.

డెట్రాయిట్‌లో దిగేసరికి అమ్మాయి కారుతో వచ్చి ఉంది. తల్లిని పట్టుకుని వదల్లేదు. “అమ్మా, తిన్నావా? రియల్లీ?” అంది.

“ఇంటికెళ్ళి కుక్కర్ పెట్టు. విమానంలో వాళ్ళు పెట్టింది అన్నమా?” అంది అక్కయ్య.

ఆ దీవిని, గుమ్మడాకు కూరని, మమ్మల్ని నియమం తప్పనివ్వకుండానే ఆదరించిన ఆ తల్లిని నేను రోజూ పడుకునే ముందు తలుచుకుంటాను. మిమ్మల్ని మాత్రం బావగారిని తలుచుకోమని అడుగుతున్నాను. ఆయన పేరు నేనిక్కడ రాయలేదు. అక్కయ్య నోట విన్నాక నా చేత్తో రాయబుద్ధి కాలేదు. మీరు ఇంటికొచ్చి కారు ఆపినప్పుడు, ఇంజన్ ఆగాక, తలుపు తీసేముందు కాస్త నిశ్శబ్దం ఉంటుంది. అందులో ఆయన్ని ఒక్కసారి అనుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ ఇంజన్ల పెద్దాయన అనుకుంటే చాలు.